రిమోట్‌లో రాళ్ల దారి నడపడానికి ఏ తెర? మామూలు మానిటరా, 3డి తెరా, హెడ్‌సెట్టా

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. బండికి బిగించిన కెమెరా వీడియోను తెర మీద చూస్తూ, దూరంగా కూర్చుని బండిని రాళ్ల మీదుగా నిదానంగా, అడుగు అడుగు చూసుకుంటూ ఎక్కించడమే మీ పని అయితే రెండు కెమెరాలు పెట్టి 3డిలో చూడటానికి ఖర్చు పెట్టొచ్చు, తేడా మొదటి రోజే తెలుస్తుంది. మట్టి దారిలో వేగంగా పోవడమే పని అయితే మాత్రం ఆ డబ్బంతా వీడియో ఆలస్యం, అంటే కెమెరా చూసింది తెర మీదికి రావడానికి పట్టే సమయం, తగ్గించడానికే పెట్టండి, 3డి గురించి తర్వాత ఆలోచించొచ్చు. చాలామంది ముందు హెడ్‌సెట్ (కళ్లకు కట్టుకునే వీఆర్, అంటే వర్చువల్ రియాలిటీ తెర) కొనేసి, ఆ తర్వాత కెమెరాలు ఎక్కడ బిగించాలా అని చూస్తారు, నేనూ అలాగే మొదలుపెట్టాను. నిజానికి ఆ వరుస తిరగబడాలి: ఎంత దూరంలో ఉన్న వస్తువు మీకు ముఖ్యం, దాన్ని ఎంత వేగంతో చేరుకుంటారు, ఈ రెండూ తేలితే తెర ఏదో దాదాపు తేలిపోతుంది.

మామూలు రోడ్డు మీద ఒంటి కెమెరాతో నడపడం అంత కష్టం కాదు, ఎందుకంటే అక్కడ కొలతలు మనకు ముందే తెలుసు. గీతల మధ్య వెడల్పు తెలుసు, ఎదురుగా వచ్చే కారు ఎంత ఉంటుందో తెలుసు, కాబట్టి చిన్నగా కనిపిస్తే దూరంగా ఉందని మెదడు లెక్క కట్టేస్తుంది. రాళ్లకు అలాంటి కొలత లేదు. గుప్పెడంత రాయి దగ్గరగా ఉన్నా, బండరాయి దూరంగా ఉన్నా తెర మీద ఒకేలా ఉంటాయి. ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు నీడలు కూడా దొరకవు, గట్టు, గుంత, చదును నేల అన్నీ ఒకే రంగు గుడ్డ పరిచినట్టు కనిపిస్తాయి. బండి కదులుతుంటే దగ్గరవి త్వరగా, దూరానివి నెమ్మదిగా జరుగుతాయి కదా, ఆ కదలిక సాయం చేయదా అంటే, చేస్తుంది, కానీ పక్కల ఉన్నవాటికి. మనం సూటిగా వెళ్తున్న దిశలో ఉన్న రాయి తెర మీద దాదాపు కదలదు, దగ్గరపడే కొద్దీ పెద్దదవుతుంది అంతే. అంటే మనకు ఎక్కడ అవసరమో సరిగ్గా అక్కడే ఆ ఆధారం బలహీనం. రెండు కళ్ల తేడా, అంటే స్టీరియో, ఈ ఖాళీనే పూడుస్తుంది, బండి ఆగి ఉన్నా పనిచేస్తుంది.

స్టీరియో ఎంత దూరం వరకు పనికొస్తుంది

ఇక్కడ కొంచెం లెక్క చూడక తప్పదు, ఎందుకంటే కొనాలా వద్దా అన్నది దీని మీదే ఉంటుంది. పెద్దవాళ్ల కనుపాపల మధ్య ఎడం సగటున 63 మి.మీ. దాకా ఉంటుంది. రెండు కెమెరాలనూ అంతే ఎడంతో పెట్టి, ఒక్కోటి అడ్డంగా 1920 పిక్సెళ్లు, 90 డిగ్రీల చూపు ఉన్నదనుకోండి. ఆ రెండు చిత్రాల మధ్య ఒక్క పిక్సెల్ తేడా అంటే 2 మీటర్ల దూరంలో సుమారు 6–7 సెం.మీ. లోతు. 5 మీటర్ల దగ్గర అదే పిక్సెల్ 40 సెం.మీ. అవుతుంది, 10 మీటర్ల దగ్గర మీటరున్నర దాటుతుంది, 20 మీటర్ల దగ్గర ఆరు మీటర్ల పైమాటే. దూరం రెట్టింపైతే పొరపాటు నాలుగింతలు, అదీ సంగతి. మన కన్ను పిక్సెల్ కంటే సన్నటి తేడాను కూడా కొంత పట్టుకుంటుంది కాబట్టి ఈ అంకెలు గీత గీసినంత కచ్చితం కావు, కానీ ధోరణి మాత్రం ఇదే. ఐదు మీటర్లలోపు స్టీరియో బ్రహ్మాండంగా ఉంటుంది, పది మీటర్ల దగ్గర పర్వాలేదనిపిస్తుంది, ఇరవై దాటాక ఉన్నా లేనట్టే.

అయితే కెమెరాలను ఇంకా దూరం జరపొచ్చుగా అంటారు. జరపొచ్చు. ఎడం 20 సెం.మీ. చేస్తే 10 మీటర్ల దగ్గర పిక్సెల్ విలువ అర మీటరుకు దిగుతుంది. నాసా అంగారకుడి మీదికి పంపిన స్పిరిట్, ఆపర్చునిటీ రోవర్లలో సరిగ్గా ఇదే చేశారు: చక్రాల ముందున్న ప్రమాదాలు చూసే కెమెరా జతకు 10 సెం.మీ. ఎడం, దారి చూసే జతకు 20 సెం.మీ., పైన దూరదృశ్యాలు తీసే జతకు 30 సెం.మీ. ఆ తర్వాత వచ్చిన క్యూరియాసిటీలో దారి చూసే జతకు 42 సెం.మీ. దాకా వెళ్లారు. ఒకే బండికి మూడు రకాల ఎడం ఎందుకంటే అన్ని దూరాలకూ సరిపోయే ఒక్క ఎడం లేదు కాబట్టి.

ఎడం పెంచితే రెండు నష్టాలున్నాయి. ఒకటి, లోకమంతా బొమ్మల కొలువులా చిన్నదిగా కనిపిస్తుంది, దాంతో మన బండి కూడా చిన్నదేలే, పట్టేస్తుందిలే అనిపించి ఇరుకు సందులోకి దూరుస్తాం. రెండు, దగ్గరి వస్తువులు రెండు కళ్లకూ ఒకటిగా కలవవు, జంటగా కనిపిస్తాయి, కళ్లు లాగేస్తాయి. స్టీరియో ఫొటోలు తీసేవాళ్లు పాటించే ఒక పాత లెక్క ఇక్కడ బాగా పనికొస్తుంది: చిత్రంలో అన్నిటికంటే దగ్గరగా ఉన్న వస్తువు దూరంలో ముప్పయ్యో వంతు ఎడం చాలు. బంపర్ 2 మీటర్ల ముందుంటే 6–7 సెం.మీ., ఆరు మీటర్ల నుంచే చూడాలంటే 20 సెం.మీ. చిన్న ఆర్‌సీ క్రాలర్, అంటే రాళ్లెక్కే రిమోట్ బొమ్మ బండి, నడిపేవాళ్లు ఈ లెక్క తప్పకుండా చూసుకోవాలి. పదో వంతు సైజు బండికి అర మీటరు ముందున్న రాయే అసలు సమస్య, అంటే 1.5–2 సెం.మీ. ఎడం చాలు. మన కళ్లంత ఎడం ఉన్న రెడీమేడ్ స్టీరియో కెమెరా దాని మీద బిగిస్తే ముందు చక్రాల దగ్గర అంతా రెండుగా కనిపిస్తుంది, తలనొప్పి తప్ప ఏమీ మిగలదు.

ఇక తెరల సంగతి

మామూలు మానిటర్‌ను తక్కువ చేయొద్దు. చవక, ఎంతసేపైనా చూడొచ్చు, పక్కన ఇంకో కెమెరా చిత్రం, మ్యాప్, బండి ఎంత వాలిందో చెప్పే మీటరు అన్నీ పెట్టుకోవచ్చు, పక్కనున్న మనిషి కూడా అదే చూసి చెప్పగలడు. దానిలో లోపం 3డి లేకపోవడం ఒక్కటే కాదు, చూపు కోణం కూడా. 24 అంగుళాల మానిటర్‌ను 60 సెం.మీ. దూరం నుంచి చూస్తే అది మన కళ్ల ముందు 48 డిగ్రీలు ఆక్రమిస్తుంది. కెమెరా 90 డిగ్రీలు పట్టి ఆ 48లో కుదిస్తే అన్నీ ఉన్నదానికంటే దూరంగా, చిన్నగా కనిపిస్తాయి, నిటారు వాలు కూడా ఎక్కేయొచ్చు అనిపిస్తుంది. వైడ్ యాంగిల్ వీడియోల్లో కొండ దారులన్నీ చదునుగా కనిపించేది ఇందుకే. పెద్ద తెర దగ్గరగా పెట్టుకోవడమో, లేదంటే కొంచెం తక్కువ కోణం లెన్స్ వాడటమో చేస్తే ఒంటి కెమెరాతోనే అంచనా చాలా మెరుగవుతుంది. ఈ పని చేయకుండా 3డికి వెళ్తే అక్కడా ఇదే లోపం వెంట వస్తుంది, ఎందుకంటే స్టీరియో లోతు నిజంగా ఉండాలంటే కెమెరా కోణం, తెర కోణం ఒకటి కావాలి.

ఎరుపు–నీలం అద్దాల 3డి గురించి ఒక్క మాటే: వద్దు. తడి మట్టి, ఎండు మట్టి, గడ్డి, నాచు పట్టిన రాయి, వీటిని మనం రంగు చూసే గుర్తుపడతాం, ఆ రంగునే అది చంపేస్తుంది. రెండు కెమెరాలూ సరిగ్గా బిగిశాయో లేదో చూసుకోవడానికి మాత్రం ఉంచుకోండి.

పోలరైజ్డ్ తెర, అంటే సినిమా హాల్లో ఇచ్చేలాంటి తేలికపాటి అద్దాలతో చూసేది, నాకు చాలా ఇష్టమైన మధ్యే మార్గం. అద్దాలు బరువుండవు, ఛార్జింగ్ అక్కర్లేదు, మినుకు మినుకు ఉండదు, అద్దాల మీంచి చుట్టూ గదంతా కనిపిస్తుంది. ఇందులో ఒక్కో కంటికి ఒక వరుస విడిచి ఒక వరుస వెళ్తుంది కాబట్టి నిలువు స్పష్టత సగమవుతుంది, 1080 వరుసల తెరలో కంటికి 540 మాత్రమే. చాలామంది ఇది చూసి వెనక్కి తగ్గుతారు, కానీ లోతు తెలిసేది అడ్డంగా ఉన్న తేడా వల్ల, ఆ అడ్డం స్పష్టత ఇక్కడ పూర్తిగా మిగులుతుంది. అందుకే ఈ తెరకు వీడియోను పక్కపక్కన సగం సగం నొక్కి పంపకండి, పైన ఒకటి కింద ఒకటి పెట్టి పంపండి. పక్కపక్కన నొక్కితే అడ్డం పిక్సెళ్లు సగమై, పైన చెప్పిన లోతు పొరపాట్లన్నీ రెట్టింపవుతాయి. ఈ చిన్న సెట్టింగ్ మార్చుకోక 3డి ఏమంత లేదు అని పక్కన పెట్టేసినవాళ్లున్నారు. అసలు చిక్కు దొరకడంలో ఉంది: 2017 కల్లా పెద్ద కంపెనీలన్నీ 3డి టీవీలు ఆపేశాయి, కాబట్టి వాడినవి వెతుక్కోవాలి. తెరకు మరీ పైనుంచో కిందనుంచో చూస్తే బొమ్మ వెనక నీడ బొమ్మ కనిపిస్తుంది, కుర్చీ ఎత్తు సరిచూసుకోండి.

షట్టర్ అద్దాలు ఒక కన్ను మూసి ఒక కన్ను తెరుస్తూ పనిచేస్తాయి, తెర 120 హెర్ట్జ్, అంటే సెకనుకు 120 బొమ్మలు అయితే కంటికి 60 వస్తాయి. స్పష్టత మొత్తం ఉంటుంది, వెలుగు మాత్రం బాగా తగ్గుతుంది, ఎండలో బయట కూర్చుని నడిపేవాళ్లకు ఇది పెద్ద దెబ్బ. గ్రాఫిక్స్ కార్డుల కంపెనీ ఎన్‌విడియా ఈ అద్దాల కోసం ఇచ్చిన తన 3డి విజన్ సపోర్టును 2019లో ఆపేశాక కొత్త కంప్యూటర్లతో వీటిని నడిపించడం కూడా తలనొప్పే. స్పిరిట్, ఆపర్చునిటీ రోవర్ల దారి ప్లాన్ చేసిన ఇంజినీర్లు ఇలాంటి అద్దాలతోనే నేల ఎత్తుపల్లాలు చూసేవాళ్లు, కానీ వాళ్లు అప్పటికప్పుడు నడిపేవాళ్లు కాదు, ఆగి ఉన్న చిత్రాన్ని తీరిగ్గా చూసి మరుసటి కదలిక రాసి పంపేవాళ్లు.

అద్దాలే అక్కర్లేని 3డి తెరలు ఇప్పుడు మళ్లీ వస్తున్నాయి, మన కళ్లెక్కడున్నాయో కెమెరాతో కనిపెట్టి ఒక్కో కంటికి వేరే బొమ్మ పంపే రకం. సోనీ 2023లో 27 అంగుళాల 4కె తెర ఒకటి తెచ్చింది. చూడటానికి చాలా హాయిగా ఉంటాయి. ఒక్కరికే పనిచేస్తాయి, తల పక్కకు తిప్పి రేడియో అందుకుని మళ్లీ చూసేసరికి ఒక్క క్షణం తడబడతాయి, ధర ఎక్కువ. ఎక్కువ గంటలు ఒకే కుర్చీలో కూర్చుని యంత్రం నడిపేవాళ్లకు నేను ఇవి చూడమంటాను, అభిరుచి కోసం నడిపేవాళ్లకు కాదు.

ఇక హెడ్‌సెట్. లోతు అనుభవం విషయంలో దీనికి సాటి లేదు, ఎందుకంటే చూపు కోణం కళ్ల నిండా ఉంటుంది, స్టీరియో కూడా అసలు కొలతకు దగ్గరగా వస్తుంది. మెటా క్వెస్ట్ 3లో కంటికి 2064×2208 పిక్సెళ్లు, డిగ్రీకి సుమారు 25 వస్తాయి. పైన చెప్పిన 1920 పిక్సెళ్ల కెమెరా 90 డిగ్రీలకు పరిస్తే డిగ్రీకి సగటున 21, అంటే హెడ్‌సెట్ కంటే ముందు కెమెరానే పరిమితి అవుతోంది. ఇంకా ఖరీదైన హెడ్‌సెట్ కొంటే ఏదో మారిపోతుందనుకోకండి. ఇంకో జాగ్రత్త: డ్రోన్ రేసింగ్‌కు అమ్మే ఎఫ్‌పీవీ గాగుల్స్‌లో (డ్రోన్ కెమెరా బొమ్మను కళ్ల ముందు చూపించేవి) చాలావాటిలో రెండు తెరలున్నా రెండిట్లోనూ ఒకే బొమ్మ వస్తుంది. అది మొహానికి కట్టుకున్న మామూలు మానిటర్, 3డి కాదు. రెండు వేర్వేరు చిత్రాలు తీసుకుంటుందా అని కొనేముందే అడగండి.

హెడ్‌సెట్‌లో అసలు ఎంపిక వేరే ఉంది: తల తిప్పితే ఏం జరగాలి? కెమెరా జతను మోటార్ల మీద పెట్టి మన తలతో పాటు తిప్పితే, వీడియో ఆలస్యమంతా తల కదలికలోకి వచ్చి చేరుతుంది. వీఆర్‌లో తల తిప్పాక బొమ్మ 20 మిల్లీసెకన్లలోపు కదలాలని చూస్తారు, వైర్‌లెస్ వీడియో దానికి ఎన్నో రెట్లు ఆలస్యం, ఫలితం వాంతి వచ్చేలా ఉంటుంది. రెండో దారి, విశాలమైన ఫిష్‌ఐ కెమెరాలు రెండూ కదలకుండా బిగించి, వచ్చిన పెద్ద చిత్రంలో మన తల ఎటు తిరిగితే ఆ ముక్కను హెడ్‌సెట్ తనే చూపించడం. తల కదలిక వెంటనే పడుతుంది, కడుపులో తిప్పదు. కాకపోతే స్టీరియో సూటిగా ముందే సరిగ్గా ఉంటుంది, పక్కకు 90 డిగ్రీలు తిరిగితే రెండు కెమెరాలూ ఒకదాని వెనక ఒకటి అయిపోతాయి కాబట్టి అక్కడ లోతు ఉండదు. నా సిఫార్సు రెండోదే, ఎందుకంటే మనం దిగాల్సిన రాయి ఎప్పుడూ ముందే ఉంటుంది. పైగా బండి బానెట్ లేదా ముందు చక్రాల అంచులు చిత్రంలో కనిపించేలా పెట్టండి. కళ్లకు ఒక కొలబద్ద దొరుకుతుంది, కదలని వస్తువు ఒకటి ఉండటం వల్ల తిప్పడం కూడా తగ్గుతుంది.

తెర మంచిదైనా చెడగొట్టేవి

రెండు కెమెరాలూ ఒకే క్షణంలో చిత్రం తీయాలి. సెకనుకు 30 ఫ్రేముల కెమెరాలు ఒకదానికొకటి జత కలవకపోతే మధ్యలో 33 మిల్లీసెకన్ల దాకా తేడా రావచ్చు, ఈలోపు బండి ఒక రాయి మీద ఎగిరితే ఒక కంటి బొమ్మ పైన, ఇంకో కంటిది కింద. నిలువు తేడాను మన కళ్లు అసలు భరించలేవు. అందుకే ఒకే బోర్డు మీద రెండు లెన్సులూ ఉండి, రెండు చిత్రాలనూ ఒకే ఫ్రేములో కలిపి పంపేదే తీసుకోండి, విడి కెమెరాలు రెండు కొని కలుపుదామనుకుంటే చాలా సమయం పోతుంది. లైటింగ్, రంగు సెట్టింగులు రెండిట్లో ఒకటే ఉండేలా లాక్ చేయండి. ఒక లెన్స్ మీద బురద చుక్క పడితే 3డి మొత్తం చికాకుగా మారిపోతుంది, అలాంటప్పుడు శుభ్రంగా ఉన్న కెమెరా బొమ్మనే రెండు కళ్లకూ చూపించే స్విచ్ ఒకటి ముందే పెట్టుకోండి, ఎన్నిసార్లు కాపాడుతుందో. ఎడమ, కుడి తారుమారు కాలేదు కదా అని కూడా చూసుకోవాలి. తారుమారైతే గుంత గట్టులా అనిపిస్తుంది, విచిత్రం ఏమిటంటే మిగతా ఆధారాల వల్ల అది వెంటనే తెలియదు, ఏదో తేడాగా ఉందనిపిస్తుంది, కళ్లు నొప్పెడతాయి, అంతే.

గుంతల గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే బండి ఎక్కువగా ఇరుక్కునేది రాళ్ల వల్ల కాదు, కనబడని గుంతల వల్ల. పది మీటర్ల ముందు మీటరు వెడల్పు కాలువ ఉంది, కెమెరా అర మీటరు ఎత్తులో ఉంది అనుకుంటే, దాని అవతలి గోడలో పైన 5 సెం.మీ. మాత్రమే మనకు కనిపిస్తుంది. కెమెరాను మీటరున్నరకు ఎత్తితే 15 సెం.మీ. కనిపిస్తుంది. ఏ 3డి తెరా ఇవ్వలేని లాభం ఇది, ఒక పొడవాటి గొట్టంతో వస్తుంది. 1973లో చంద్రుడి మీదికి వెళ్లిన సోవియట్ రిమోట్ బండి లూనోఖోద్ 2కి, దాని ముందు వెళ్లిన లూనోఖోద్ 1కి లేని ఒక కెమెరాను ఎత్తులో అదనంగా అమర్చారు, దారి చూడటానికే. ఎత్తు పెంచితే రాళ్ల ఎత్తు కొంచెం అణిగినట్టు కనిపిస్తుంది, ఆ లోటును స్టీరియో తీరుస్తుంది. ఈ రెండూ కలిస్తేనే బాగుంటుంది.

ఆలస్యం లెక్క కూడా చూడండి. గంటకు 15 కి.మీ. వేగంలో 300 మిల్లీసెకన్ల ఆలస్యం అంటే తెర మీద మనం చూస్తున్నది మీటరుంపావు వెనకటి సంగతి. గంటకు 4 కి.మీ. అయితే 33 సెం.మీ. మాత్రమే. స్టీరియో కోసం రెండో వీడియో పంపితే డేటా దాదాపు రెట్టింపు, లింక్ బలహీనంగా ఉంటే ఆలస్యం పెరుగుతుంది. నిదానంగా పోయేవాళ్లకు ఆ బేరం లాభం, వేగంగా పోయేవాళ్లకు నష్టం అని మొదట్లో అన్నది ఇందుకే.

ఇంకోటి, స్టీరియో నేల ఆకారం చెబుతుంది, గట్టిదో కాదో చెప్పదు. స్పిరిట్ రోవర్‌కు మంచి స్టీరియో కెమెరాలుండి కూడా 2009లో పైకి గట్టిగా కనిపించిన పొర కిందున్న మెత్తటి ఇసుకలో కూరుకుపోయింది, మళ్లీ బయటికి రాలేదు. చక్రం జారుతోందా, మోటార్ కరెంట్ పెరిగిందా అన్న అంకెలు తెర మూలన తప్పకుండా ఉండాలి.

మరి మీకేది

చిన్న క్రాలర్, అరగంట సరదా, రాళ్లెక్కించడం: ఫిష్‌ఐ స్టీరియో కెమెరా, ఏదో ఒక మంచి వీఆర్ హెడ్‌సెట్. పక్కన ఒక మనిషి నిలబడి ఉండటం తప్పనిసరి, మీకు చుట్టూ ఏం జరుగుతుందో కనబడదు కాబట్టి. వేగంగా మట్టి దారి: ఒంటి కెమెరా, తక్కువ ఆలస్యం, ఎత్తైన కెమెరా స్తంభం, మరో ఆలోచన వద్దు. పెద్ద యంత్రం, రోజంతా పని: పెద్ద మామూలు మానిటర్ ఎప్పుడూ ఎదురుగా ఉండాలి, దానికి తోడుగా రాళ్ల దగ్గర, యంత్రం తవ్వే బకెట్ దగ్గర మాత్రం వాడటానికి పోలరైజ్డ్ లేదా అద్దాల్లేని 3డి తెర. హెడ్‌సెట్‌తో అన్ని గంటలు కూర్చోబెట్టకండి. కళ్లు ఒక దూరానికి ఫోకస్ చేసి వేరే దూరానికి కలుస్తుంటాయి, అలసట వస్తుంది, ఆ అలసటలో తీసుకునే నిర్ణయాలు బాగుండవు. పొదలు, ఎండుగడ్డి ఎక్కువున్న చోట మాత్రం నేను ఎప్పుడూ స్టీరియో వైపే మొగ్గుతాను, కొమ్మ ముందుందా వెనకుందా అన్నది ఒంటి కెమెరాలో తెలియనే తెలియదు.

కొనేముందు ఒక పరీక్ష చేసి చూడండి, అరువు తెచ్చుకున్న సామానుతోనైనా సరే. వేర్వేరు మందం ఉన్న రెండు కర్రలు తీసుకుని, ఐదు మీటర్ల దూరంలో నిలబెట్టి, అవి నేలను తాకే చోటు కనబడకుండా ముందు అట్టముక్క అడ్డం పెట్టండి. ఒకరు ఒక కర్రను ముందుకూ వెనక్కూ జరుపుతుంటే మీరు తెరలో మాత్రమే చూస్తూ రెండూ సమానంగా వచ్చాయనిపించినప్పుడు ఆపమనండి, తేడాను టేపుతో కొలవండి. రెండు కళ్లకూ ఒకే కెమెరా బొమ్మ పెట్టి పదిసార్లు, స్టీరియోలో పదిసార్లు. స్టీరియోలో తేడా బాగా తగ్గితే మీ కెమెరాల ఎడం, తెర, కళ్లు మూడూ కలిసి పనిచేస్తున్నట్టు. తగ్గకపోతే ముందు ఎడమ కుడి తారుమారు, ఆ తర్వాత కెమెరాల అమరిక చూడండి, అవి సరిగ్గానే ఉంటే కంటి డాక్టర్ దగ్గర స్టీరియో చూపు పరీక్ష చేయించుకోండి. కొద్దిమందికి, ఒక కన్ను చిన్నప్పటి నుంచి బలహీనంగా ఉన్నవాళ్లకు ముఖ్యంగా, రెండు కళ్ల తేడాతో లోతు తెలియదు. వాళ్లలోనూ బండి అద్భుతంగా నడిపేవాళ్లున్నారు, వాళ్లకు ఎత్తైన కెమెరా, పక్కనుంచి చూసే రెండో కెమెరా పెద్ద మానిటర్ మీద ఇవ్వడమే సరైన కొనుగోలు.